'సంబంధం' గడిలో నేను రాసిన మాట

కాలేజీల్లో కొత్తగా అటెండర్లుగా చేరినవాళ్లకీ, గ్రామ సచివాలయాల్లో కంప్యూటరు ముందు కూర్చునే పిల్లలకీ, ఊళ్లో పక్కవాళ్ల దరఖాస్తులు నింపిపెట్టే అలవాటున్నవాళ్లకీ ఇది రాస్తున్నాను. మిగతావాళ్లు చదివితే చదవండి. నా రాత ఒద్దికగా ఉండదు. ముప్పై ఆరేళ్లు నిండాక పలక పట్టినదాన్ని. ఎవరి పేర్లూ రాయను. కొందరు ఇంకా ఉద్యోగాల్లో ఉన్నారు, కొందరికి ఇంకా కోపాలున్నాయి.

మాది సాలూరు పక్కన కొండ కింది ఊరు. మా ఆయన అరకు వైపు ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో అటెండరు. ఆయన పోయాక ఆ పని నాకిచ్చారు. చేరిన రోజున హాజరుపట్టీలో వేలిముద్ర వేశాను. కాలేజీ మొత్తానికి వేలిముద్ర వేసేది నేనొక్కదాన్నే. నా కోసం ఇంకుప్యాడు రోజూ బీరువాలోంచి తియ్యాలి, మళ్లీ పెట్టాలి. అప్పటి గుమస్తా రోజూ ఒక నిట్టూర్పు విడిచేవాడు. చదువు మీద ప్రేమతో నేర్చుకున్నానని చెప్పను. ఆ నిట్టూర్పు వినలేక నేర్చుకున్నాను.

నేర్పింది పిల్లలే. మధ్యాహ్నం భోజనాల వేళ సైకిళ్ల షెడ్డు కింద కూర్చోబెట్టి, బీఏ చదివే గుంటలు ఒకరి తర్వాత ఒకరు దిద్దించారు. నాకు వత్తులు వచ్చేసరికి మూడు బ్యాచీలు డిగ్రీ పూర్తి చేసుకుని వెళ్లిపోయాయి. ఆలస్యంగానైనా వచ్చాయి. వచ్చాక నేను ఊరుకోలేదు. పిల్లల్ని చేర్పించడానికి కొండల మీది నుంచి దిగివచ్చే తల్లిదండ్రులకి స్కాలర్‌షిప్పు దరఖాస్తులు నేనే నింపేదాన్ని. ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు. నేను రాస్తుంటే వాళ్లు నా చెయ్యి వంక చూసేవాళ్లు, ఆ చూపు మాత్రం తీసుకున్నాను. అది నాకు బాగుండేది. తప్పంతా అక్కడే మొదలైంది.

స్కాలర్‌షిప్పు సంగతి నాలుగు ముక్కల్లో చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది మీకు అర్థం కాదు. డిగ్రీ పిల్లలకి ప్రభుత్వం ఇచ్చేది రెండు రకాలు. ఒకటి కాలేజీ ఫీజు. రెండోది హాస్టల్లో ఉండడానికీ తిండికీ అయ్యే ఖర్చు. మాది సర్కారు కాలేజీ, ఫీజు పెద్ద బరువు కాదు. తిండి ఖర్చే అసలు. అది మంజూరైన పిల్లల పేర్లే హాస్టలు పట్టీలో ఉంటాయి. పేరు లేకపోతే మంచమూ లేదు, కంచమూ లేదు. కొండ మీది ఊళ్లకి రోజూ వెళ్లి రావడం అయ్యే పని కాదు. కాబట్టి మంజూరు లేని పిల్ల చదువు మానేసినట్టే. పోనీ పిల్లని చూసి ఇస్తారా అంటే, ఇవ్వరు. పిల్ల ఏ ఇంటి బియ్యం కార్డులో ఉందో ఆ ఇంటిని చూసి ఇస్తారు. ఆ ఇంట్లో ఎవరికైనా సర్కారు జీతం ఉందా, కారుందా, భూమి పరిమితి దాటిందా అని కంప్యూటరే చూసుకుంటుంది. మనల్ని అడగదు.

ఇక ఆ పిల్ల సంగతి. పెదబయలు వైపు కొండల్లో ఒక ఊరి నుంచి బీఎస్సీలో చేరడానికి వచ్చింది. వెంట ఒక ముసలాయన. తలకి తువ్వాలు, భుజాన గొడుగు. పిల్ల ఆయన్ని 'అయ్యా' అని పిలుస్తోంది. నేను దరఖాస్తు ముందేసుకుని అడిగాను.

"అయ్యవి నువ్వేనా?"

"నానే."

"కార్డు తెచ్చినావా?"

తెచ్చాడు. చూస్తే అందులో పిల్ల పేరు లేదు. గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు చెప్పాడు. కన్నతండ్రి ఈయన తమ్ముడు. పిల్లకి నడక రాకముందే జ్వరమొచ్చి పోయాడు. తల్లి ఇంకో ఊరాయన్ని మారుమనువు చేసుకుని వెళ్లింది. వాళ్లలో అది తప్పు కాదు. తల్లి వెళ్తుంది, బిడ్డ తండ్రి వంశంలోనే ఉండిపోతుంది. తండ్రి పోతే తండ్రి అన్న తండ్రవుతాడు. పెంచినందుకు అలా పిలవడం కాదు, తండ్రేనని లెక్క.

"అయితే పెదనాన్నవి గదా, అయ్యనంటావేటి?" అన్నాను.

ఆయన నన్ను వింతగా చూశాడు. "మరి దీనికి అయ్యెవులు? నానే గదా," అన్నాడు.

తల్లి వెళ్లిన ఇంటి కార్డులోనూ పిల్ల లేదు. ఏ కార్డులోనూ లేని పిల్లకి స్కాలర్‌షిప్పు రాదు. మర్నాడు నేనే ఇద్దర్నీ వాళ్ల సచివాలయానికి తీసుకెళ్లాను. కార్డులో పేరు చేర్చే ఫారం అడిగి తీసుకున్నాను. అందులో 'ఇంటి పెద్దతో సంబంధం' అని ఒక గడి ఉంటుంది. అక్కడ 'తమ్ముడి కూతురు' అని రాయాలి. ఆ సంగతి నాకు తెలుసు. పెన్ను పట్టుకుని ఆలోచించాను కూడా. ముసలాయన పక్కనే కూర్చుని నా చెయ్యి వంక చూస్తున్నాడు. పిల్ల అయ్యా అంటోంది, ఆయన నానే అంటున్నాడు, మధ్యలో కాదనడానికి నేనెవర్ని అనుకున్నాను. 'కూతురు' అని రాశాను. సంతకం చోట ఆయన వేలు పట్టుకుని ముద్ర వేయించాను. మూడక్షరాలూ గడి దాటకుండా పడ్డాయని మురిసిపోయాను కూడా.

మొదటి ఏడు ఏ గొడవా లేదు. పిల్ల పేరు హాస్టలు పట్టీలో పడింది. కెమిస్ట్రీ ల్యాబులో గాజు సామాను కడగడం నా పనుల్లో ఒకటి. ఆ పిల్ల పక్కన వచ్చి నిలబడేది.

"పెద్దమ్మా, గొట్టం అనకు. దీన్ని బ్యూరెట్టంటారు."

"పేరు మారిస్తే మురికి పోద్దేటి?"

"పోదు గానీ, పగలగొడితే రిజిస్టర్లో ఆ పేరే రాయాల గదా," అనేది. నేను అప్పటికి రెండు పగలగొట్టాను. రెండూ 'గొట్టం' అనే రాశాను. అది దానికి తెలుసు.

రెండో ఏటికి మా స్కాలర్‌షిప్పుల సెక్షన్‌కి కొత్త జూనియర్ అసిస్టెంటు వచ్చాడు. పార్వతీపురం వైపు కుర్రాడు. చెడ్డవాడు కాదు, తొందర మనిషి. కంప్యూటరు మీద చేతులు పరిగెడతాయి, నోరు వాటి కంటే ముందు పరిగెడుతుంది. ఒక బుధవారం నన్ను కేకేశాడు.

"పెద్దమ్మా, నీ బీఎస్సీ గుంట రిజెక్టయింది."

"ఏటీ?"

"వాళ్లయ్య జమీందారు పెద్దమ్మా. సూడు, ఎన్నెకరాలో! నీకూ నాకూ కలిపి ఇంకో జన్మెత్తినా రాదు."

తెర మీద చూశాను. అంకెలు నాకు అక్షరాల కంటే ముందే వచ్చు. ఆ ముసలాయన పేరు మీద ఒక కొండ వాలు మొత్తం ఉంది.

ఆ భూమి కథ నాకు తర్వాత తెలిసింది. అది ఆయనది కాదు, వాళ్ల వంశం మొత్తానిది. ఊళ్లో పదో పన్నెండో ఇళ్లు ఆ వాలు మీదే బతుకుతున్నాయి. అడవి భూములకి పట్టాలిస్తామని సర్వేవాళ్లు వచ్చినప్పుడు ఎవరి పేరు రాయమంటారని అడిగారట. అందరూ ఈయన వైపు చెయ్యి చూపించారట. పెద్దాయన బతికుండగా చిన్నవాళ్లు తమ పేర్లు రాయించుకుంటే మర్యాద కాదని. ఆయన వాటాకి నిజంగా వచ్చేది కొన్ని కాఫీ మొక్కలు, చోళ్లు పండే ఒక ముక్క. పిల్ల రెండో సంవత్సరంలోకి వచ్చేసరికి పట్టాలన్నీ తెచ్చి కార్డులకి కలిపారు. కంప్యూటరుకి మర్యాదలు తెలియవు. ఆయన భూస్వామి అయిపోయాడు, పిల్ల భూస్వామి కూతురైపోయింది.

"అయితే ఆ కార్డులోంచి పిల్లని తీసీ," అన్నాను.

"తియ్యనివ్వదు. పెళ్లికాని కూతుర్ని తండ్రి కార్డులోంచి వేరు సెయ్యడానికి లేదు. తమ్ముడి కూతురని ఉంటే నిమిషంలో వేరు కార్డు పుట్టించీద్దును. ఏ ఎదవ రాసాడో గానీ కూతురని రాసీసాడు."

"నేనే ఆ ఎదవని."

కుర్రాడు నాలిక కరుచుకున్నాడు. తర్వాత నవ్వాడు. నేను నవ్వలేదు.

దారి ఒక్కటే ఉందన్నాడు. ఇంటి పెద్ద సచివాలయానికి వచ్చి, ఈ పిల్ల నా కూతురు కాదు, పొరపాటున నమోదైంది అని ఒప్పుకుని వేలిముద్ర వెయ్యాలి. అప్పుడు పిల్లకి వేరే కార్డు వస్తుంది, దరఖాస్తు మళ్లీ పంపొచ్చు. శుక్రవారం సాయంత్రం అయిదింటికి సైటు మూసేస్తారు. మూస్తే ఈ ఏటికి ఇక తెరవరు.

పిల్లని పిలిచి చెప్పాను. అది ఏడవలేదు. దానికి ముందే తెలుసు, ఫోన్లో చూసుకుందట.

"శనివారం సంతకి రొయ్యల కంపెనీ మేస్త్రి వత్తాడు పెద్దమ్మా. మా ఊరి గుంటలు ఇద్దరు ముందే ఎల్లిపోనారు. నానూ పేరిచ్చీసాను," అంది.

"మతిపోయిందేటే? మీ అయ్య వచ్చి ఏలేస్తే అయిపోద్ది గదా."

"ఎయ్యడు."

"ఎందుకెయ్యడు?"

అప్పుడు చెప్పింది. వాళ్ల ఊళ్లో పిల్లని నా పిల్ల కాదని నోటితో అనేది ఒక్క సందర్భంలోనేనట. సొంత వంశంలోనే పెళ్లాడి వావి తప్పినప్పుడు. అలా అనేస్తే ఇక ఆ మనిషికి ఆ ఇంట్లో నిప్పు లేదు, నీళ్లు లేవు. చావుకి పిలుపు లేదు. ఆ మాట ఒకసారి వచ్చిందంటే ఊరంతా కూర్చుంటే గానీ వెనక్కి పోదు. "నానేం తప్పు సెయ్యలేదు గదా, అయ్య ఆ మాటెలాగంటాడు?" అంది. చదువు పోతుందని భయం కంటే, ఆ మాట అడిగి ఆయన్ని కష్టపెట్టడం దానికి ఎక్కువ భయంగా ఉంది.

నాకు మాత్రం అదంతా పట్టింపులాగే కనిపించింది. జీపు డ్రైవరు చేత ముసలాయనకి కబురు పంపించాను, శుక్రవారం సచివాలయానికి రమ్మని. ఎందుకో చెప్పలేదు. జ్వరమని సెలవు చీటీ రాసిచ్చాను. చేత్తో నేను రాసిన మొదటి అబద్ధం అది.

శుక్రవారం నేను వెళ్లేసరికి సచివాలయంలో కరెంటు లేదు. కరెంటు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. కంప్యూటరు పని చూసే అమ్మాయి విశాఖ వైపు నుంచి కొత్తగా వచ్చింది, చలికి చేతులకి శాలువా చుట్టుకుని కూర్చుంది. ఫారం తెరిచి నాకు వినిపించింది. 'పై వ్యక్తి నా కుమార్తె కాదు. పొరపాటున నా కుటుంబంలో నమోదు చేయబడినది.' కింద వేలిముద్రకి గుర్తు.

అంతలో కాలేజీ నుంచి మా సెక్షన్ కుర్రాడి ఫోను. "పెద్దమ్మా, ఆయనకది సదివి ఇనిపించీకు. బియ్యం కోసమని సెప్పీ, ఏలేయించీ. బేగి అయిపోద్ది. నువ్వు సేత్తన్నది మంచి పనే, పాపం రాదు."

ముసలాయన పిల్లతో కలిసి కొండ దిగి వచ్చాడు. నాకోసం తువ్వాల్లో రెండు సీతాఫలాలు కట్టుకొచ్చాడు.

"ఏటప్పా, రమ్మన్నావు?"

"ఏలెయ్యాల."

"దేనికి?"

"బియ్యానికి."

అంత తేలిగ్గా వచ్చింది నోట్లోంచి. మా ఆయన పోయిన నెల్లోనే మా మరిది ఒక కాయితం తెచ్చి, పింఛను కోసమని నా వేలు వేయించుకున్నాడు. అది పింఛను కాయితం కాదు, పొలంలో మా ఆయన వాటా వదులుకున్నట్టు కాయితం. ఇదంతా ఆ క్షణంలో నాకు గుర్తొచ్చిందని రాస్తే మీరు నమ్ముతారు. కానీ రాలేదు. నేను గోడ గడియారం చూస్తున్నాను.

ఆయన వేలు పెట్టాడు. మిషను ఒప్పుకోలేదు. కాఫీ పళ్లు కోసి కోసి గీతలన్నీ అరిగిపోయాయి. ఆ అమ్మాయి తడిగుడ్డతో తుడిచింది. మళ్లీ పెట్టాడు. ఒప్పుకోలేదు. ఇంకో వేలు. అదీ లేదు. ఈ సందులో ముసలాయన ఆలోచించుకున్నాడు.

"అప్పా, బియ్యం ఏలు మొన్న బండి కాడ ఏసీసాను గదా. ఈ నెల రెండుసార్లు ఇత్తారేటి?"

పిల్ల నా వంక చూసింది. దాని మొహం చూసి నిజం చెప్పేశానంటే బాగుంటుంది. అసలు సంగతి, ఆయన అడిగినదానికి చెప్పడానికి నా దగ్గర ఇంకో అబద్ధం లేదు.

"బియ్యానికి కాదు. దీని స్కాలర్‌షిప్పుకి," అన్నాను. ఉన్నదంతా చెప్పాను.

"అందులో ఏటి రాసున్నాదో సదువు," అన్నాడు.

తెర మీద వేలు పెట్టి, మాట మాట విడగొట్టి చదివాను. "నా. కుమార్తె. కాదు."

"మళ్లీ సదువు."

మళ్లీ చదివాను. ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని తువ్వాలుతో తుడుచుకున్నాడు, మురికి అంటినట్టు.

"నాను ఆ మాట అనను."

"నోటితో అనక్కర్లేదు. ఏలేస్తే సాలు."

"ఏలు నాదే గదా?" అని లేచి బయటికి వెళ్లిపోయాడు.

కంప్యూటరు అమ్మాయి మెల్లిగా, "మేడం, మూడున్నరయింది," అంది. నన్ను ఎవరైనా మేడం అనడం సర్వీసులో అదే మొదలు. సంతోషించే తీరిక లేకపోయింది.

ఆయన చూరు కింద మెట్టు మీద కూర్చుని చుట్ట వెలిగించాడు. పిల్ల కాస్త ఎడంగా కూర్చుంది. నేను వెళ్లి ఎదురుగా నిలబడి అరిచాను. అరవడం నాకు బాగా వచ్చు.

"నీ పంతానికి రేపు ఈ గుంట రొయ్యల పొట్టు తియ్యడానికి పోవాలేటి? మంచులో చేతులు పెట్టి నిలబడాలేటి?"

"నాను కాదంటే అదెవుల పిల్లప్పా? రేపు దీనికి సంబంధమొస్తే, మీది ఏ వంశమంటే, ఏటి సెప్తాది?"

"అది కంప్యూటర్లో మాటే. మీ ఊళ్లో ఎవులికి తెలుస్తాది?"

"నాకు తెలుస్తాది గదా."

ఆయన చుట్ట కాసేపు పీల్చాడు. తర్వాత పొలం గట్ల సంగతి అడిగినంత నిదానంగా అడిగాడు.

"కూతురని రాసింది ఎవులు?"

"నేనే."

"కాదని రాయించేది?"

"అదీ నేనే."

"బియ్యమని సెప్పింది?"

"నేనే అన్నాను గదా, ఎన్నిసార్లు అడుగుతావు?"

"అయితే మాట నీది. నాది కాదు. మా ఊరొచ్చి నలుగురి ముందర నిలబడి సెప్తావా, ఇది నా మాట, ఈయన మాట కాదని?"

"సెప్తాను."

"పెద్దమ్మా, తెలుసుకోకుండా ఒప్పుకోకు," అంది పిల్ల పక్క నుంచి.

"నువ్వూరుకోయే," అన్నాను. గంట నాలుగు కావస్తోంది. ఆ ముసలాయన కాళ్లు పట్టుకోమన్నా పట్టుకునేదాన్ని. ఏం ఒప్పుకుంటున్నానో చూడకుండా ఒప్పేసుకున్నాను.

లోపలికి వచ్చాడు. వేలు మళ్లీ పడలేదు. చివరికి ఆ అమ్మాయి బీరువాలోంచి కన్ను చూసే మిషను తీసింది. ఆయన కన్ను పెద్దది చేసి, ఊపిరి బిగబట్టి, దాన్ని కరిచేస్తాడేమో అన్నట్టు చూశాడు. తీసుకుంది. అటు కాలేజీలో మా కుర్రాడు కాచుకుని ఉన్నాడు. కొత్త కార్డు నంబరు ఫోన్లో చెప్పాను. పావు తక్కువ అయిదుకి దరఖాస్తు వెళ్లింది. ఆ తర్వాత ఆ సీతాఫలాలు మేం నలుగురం పంచుకుని తిన్నాం. ముసలాయన నాతో మాట్లాడలేదు గానీ గింజలు ఉమ్మడానికి కాయితం ఇచ్చాడు.

శనివారం మేస్త్రి సంతకి వచ్చాడు, వేరే గుంటల్ని తీసుకెళ్లాడు. మంజూరు రెండో జాబితాలో వచ్చింది. హాస్టలు పట్టీలో పిల్ల పేరు నేనే చూశాను, నా చేత్తోనే బోర్డుకి అంటించాను.

"సూసావా పెద్దమ్మా, నా అయిడియా ఎలాగ పనిసేసిందో!" అన్నాడు మా కుర్రాడు.

"నీ అయిడియా బియ్యం. పోయి పని సూసుకో," అన్నాను.

కోతలయ్యాక ముసలాయన కబురు పెట్టాడు. నేను కొత్త చీర కట్టుకుని వెళ్లాను. మంచి పని చేసినదాన్ని, కూర్చోబెట్టి కాఫీ ఇస్తారనే అనుకున్నాను. కాఫీ ఇచ్చారు. కూర్చోబెట్టలేదు. ఊరంతా నేల మీద వలయంగా కూర్చుంది. నడుమ నన్ను నిలబెట్టారు. వాళ్ల పూజలూ మంచిచెడ్డలూ చూసే దిసారి, నా కంటే ముసలివాడు, నా ఎదురుగా పీట మీద కూర్చున్నాడు. పిల్ల వలయానికి బయట, ఒంటరిగా నిలబడి ఉంది. ఆ మూడు నెలలూ పిల్ల ఇంటికొచ్చినప్పుడల్లా వీధి అరుగు మీదే తిందట. ఆయనే పెట్టేవాడట, పక్కనే కూర్చుని. కానీ లోపలికి రానివ్వలేదట. మాట ఎవరిదైనా, మాట పడింది కదా.

"ఈ గుంట ఈ ఇంటి పిల్ల కాదని రాసింది నువ్వేనా?" అన్నాడు దిసారి.

"నేనే. ఈయన మాట కాదు, నా మాట."

"ఎందుకు రాసినావు?"

"దాని సదువు కోసం. కంప్యూటరు అలాగ రాస్తేనే ఒప్పుకుంటాది."

"కంప్యూటరు ఎవుల మనిషి?"

"మనిషి కాదు తాతా. గవర్నమెంటుది."

"గవర్నమెంటు వచ్చిందా?"

"రాలేదు."

"మరి నువ్వొచ్చినావు గదా. నువ్వే కట్టాల."

వలయంలో ఆడవాళ్లు నవ్వారు. తప్పు కింద నేను కట్టాల్సింది నిర్ణయించారు. ఒక మేక, వంటకి సరిపడా బియ్యం. మేక మగదై ఉండాలి, కుంటిదై ఉండకూడదు. అందుకేనా ఒప్పుకోవద్దన్నావు అన్నట్టు పిల్ల వంక చూశాను. అది తలొంచుకుని పెదాలు బిగబట్టుకుంది. నవ్వు ఆపుకుంటోంది.

తర్వాతి సంతలో మేకని కొని, జీపులో నా కాళ్ల మధ్య పెట్టుకుని తెచ్చాను. దారి పొడుగునా నా చీర కొంగు నమిలింది. దిసారి పిల్ల చేతుల మీద నీళ్లు పోసి, పసుపు రాసి, ఏదో చెప్పాడు. ముసలాయన లేచి నిలబడి, వాళ్ల భాషలో మూడుసార్లు ఒక మాట గట్టిగా అన్నాడు. అర్థం ఎవరినీ అడగలేదు, అడగక్కర్లేదు. పిల్ల లోపలికి వెళ్లి పొయ్యి మీది కుండలోంచి అన్నం తనే వడ్డించుకుంది. అందరూ తిన్నారు. తప్పు చేసినవాళ్లు ఆఖర్న తినాలట. నా వంతు వచ్చేసరికి మెడ ఎముకలు మిగిలాయి.

ఆ సంగతి కాలేజీలో ఎవరికీ చెప్పలేదు. సర్వీసు రిజిస్టర్లో నా మీద ఏ శిక్షా లేదు. కొండ మీద ఒకటి ఉంది.

మూడో ఏడు మళ్లీ అదే తతంగం. ఒంటరి కార్డులో ఉన్న పిల్లకి, విడగొట్టిన ఇంటి పెద్ద ఏటేటా వచ్చి మళ్లీ అదే మాట మీద ముద్ర వెయ్యాలన్నారు. ఈసారి నేను ఎందుకో ముందే చెప్పి కబురు పంపాను. వస్తాడో రాడో అనుకున్నాను. నా కంటే ముందే వచ్చి కూర్చున్నాడు. చేతులు నిమ్మకాయతో రుద్దుకుని, వేలి గీతలు కనిపించేలా తెల్లగా తోముకొచ్చాడు. కంప్యూటరు దగ్గర అదే అమ్మాయి. మేక సంగతి ఆమె చెవిన పడే ఉంటుంది, ఆ కొండల్లో జీపు డ్రైవర్లకి తెలిసింది అందరికీ తెలుస్తుంది.

"తాతా, వేలు పెట్టండి," అంది.

"ముందు సదువు," అన్నాడు.

చదివింది. అదే వాక్యం. ఆయన నా వైపు తిరగలేదు. ఆమె వైపే వంగాడు.

"ఇది రాసింది ఎవులమ్మా?"

"నేను కాదు తాతా, పైనుంచి వస్తుంది."

"పైనోళ్లు ఇక్కడికి రారు గదా. ఇక్కడ నొక్కేది నువ్వే గదా?"

"నేనే..."

"ఈ ఏడు మేకలు రేటు పెరిగినాయి. తెలుసునా?"

ఆ అమ్మాయి కీబోర్డు మీది నుంచి రెండు చేతులూ తీసేసింది.